మొరటు చేతులకు అరబ్బీలో ఒక మాట

అరబ్బీలో 'షస్న్' అని ఒక మాట ఉంది. అరచేతులూ వేళ్ళూ దళసరిగా, మోటుగా ఉండటాన్ని ఆ మాటతో చెబుతారు. ప్రవక్త గారి రూపాన్ని వర్ణించే పాఠంలో అది వస్తుంది. ఆయన అరచేతులూ పాదాలూ అలా నిండుగా, బలంగా ఉండేవని. ఆ మాట కింద పాత నిఘంటుకారులు ఒక వివరణ జోడించారు. ఈ లక్షణం మగవాళ్ళలో ఉంటే మెచ్చుకోదగ్గదట, పట్టు గట్టిగా ఉంటుంది కాబట్టి. ఆడవాళ్ళలో ఉంటే మాత్రం దోషమట.

నేను ఆడపిల్లలకు అరబ్బీ చెప్పే పంతులమ్మని. ఈ భాషంటే నాకు ప్రాణం. కానీ ఆ చివరి ముక్క మీద ఉన్న కోపం మాత్రం ఇవ్వాల్టిది కాదు. అది పుస్తకంలో చదవకముందే, మా ఇంటి వసారాలో విన్నాను. అందుకని అక్కణ్ణుంచే చెప్పాలి.

మా ఊరు చిలకలూరిపేటకీ అద్దంకికీ మధ్య నల్లరేగడి నేలల్లో ఉంటుంది. మాది దూది ఏకే కుటుంబం. మా ఇంట్లో నమాజు అరబ్బీలో, మిగతాదంతా తెలుగులో. నాన్న భుజాన విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. ఫోము పరుపులు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అప్పట్నించి అమ్మా, అక్కా కూలికి పోవడం మొదలుపెట్టారు. చలికాలమంతా పత్తి తీత. అది అయ్యేసరికి మిరపకోతలు. ఆ తర్వాత కల్లాల్లో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీయడం.

పత్తి తీయడం మెత్తని పని అనుకుంటారు చూడనివాళ్ళు. కాయ పగిలి ఎండాక దాని డొప్ప చివర్లు ముళ్ళలా బిగుసుకుంటాయి. దూది లాగిన ప్రతిసారీ అవి గోళ్ళ పక్కన చర్మాన్ని గీరుతాయి. ఆ గీతల్లోకి తర్వాత మిరపకాయ ఘాటు దిగుతుంది. అమ్మ సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది. అక్క మజ్జిగ వృథా చేయడం ఎందుకని చల్లటి గోడకి ఆనించేది. రెండేళ్ళు తిరిగేసరికి ఇద్దరి చేతులూ కాయలు కాచాయి. తెలుగులో మనం అలాగే అంటాం, కాయలు కాచాయని. ఆడామగా తేడా పెట్టం.

అక్కని చూసుకోవడానికి పట్నం నుంచి ఒక కుటుంబం వచ్చింది. బట్టల కొట్టువాళ్ళు. పెళ్ళికొడుకు తల్లీ, ఆవిడ చెల్లెలూ మంచం మీద కూర్చున్నారు. అక్క టీ గ్లాసుల పళ్ళెం తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. తల్లి గాజులు చూస్తానని అక్క చెయ్యి పట్టుకుంది. గాజుల మీద చూపు నిలవలేదు. బొటనవేలితో అక్క అరచేతిని ఒకసారి నొక్కి, తర్వాత వేళ్ళ మొదళ్ళు తడిమింది. బేరంలో గుడ్డ తడిమినట్టే తడిమింది. నేను గుమ్మం పక్కన నిలబడి చూస్తున్నాను.

"ఏంటమ్మా, చెయ్యి ఇంత మొరటుగా ఉంది?" అంది.

"పత్తి తీస్తదండి. మిరపకాయల పనిక్కూడా వస్తది నాతో," అంది అమ్మ. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. కూతురు పనిమంతురాలని చెబుతున్నాననే అమ్మ అనుకుంది.

ఆవిడ చెల్లెలి వంక చూసింది. చెల్లెలు టీ గ్లాసు వంక చూసింది. ఇద్దరూ టీ తాగి, మంచినీళ్ళు తాగి, కబురు చేస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

కబురు తెచ్చినాయన నాన్నకి వరసకు బావ అవుతాడు. వసారాలో కూర్చుని, చాలాసేపు ఎండల సంగతీ మిరప రేటు సంగతీ మాట్లాడి, చివరికి అసలు మాటకొచ్చాడు.

"పిల్ల బానే ఉందన్నారు బావా. చేతులే మొగోడి చేతుల్లా ఉన్నాయంట. రేపు కొట్లో కూర్చుంటే నలుగురూ చూస్తారు కదా అంటున్నారు."

అమ్మ లోపల్నించి బయటికొచ్చింది. "కొట్లో వాళ్ళమ్మే గుడ్డకి పత్తి ఎక్కణ్ణుంచి వచ్చిందంట? ఆవిడ పెరట్లో కాసిందా?" అంది.

"అది కాదు చెల్లెమ్మా. లోకం తీరు అట్టా ఉంది. నా మాట విని ఈ ఏడాది పిల్లని కూలికి పంపమాక. కొబ్బరినూనె రాయండి, చేతులు మెత్తబడతాయి. మళ్ళీ ఇంకో సంబంధం నేనే తెస్తా," అన్నాడాయన.

అమ్మ ఆ రోజు ఎంత కోప్పడినా చివరికి ఆయన మాటే విన్నది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ చలికాలం అక్కని ఇంట్లో కూర్చోబెట్టారు. పొద్దున్నా సాయంత్రం కొబ్బరినూనె. అంట్లు తోమనివ్వలేదు. అవి నా వంతుకొచ్చాయి. అక్క మంచం మీద కూర్చుని తన చేతుల్ని జబ్బుపడ్డ పిల్లల్ని చూసినట్టు చూసుకునేది. పొలంలో తనతో పాటు వరసపట్టే ఆడవాళ్ళు మా ఇంటి ముందు నుంచి వెళ్తూ "ఏమే, రాణీగారివి అయ్యావంటగా" అనేవాళ్ళు. వాళ్ళు నవ్వులాటకే అన్నారు. అక్క లోపలికి వెళ్ళిపోయేది. పై చర్మం పొరలుగా ఊడిపోయి, కింద లేతగా గులాబీ రంగు చర్మం వచ్చింది. అది కాగిన గిన్నె ముట్టుకున్నా మండేది. అంతకుముందు అక్క పొయ్యి మీది గిన్నె మసిగుడ్డ లేకుండా దించేది.

మిరపకోతలు మొదలయ్యాక ఒక పొద్దున అక్క ఎవరికీ చెప్పకుండా లేచి, అమ్మ కంటే ముందే కూలి ట్రాక్టరు ఎక్కేసింది. సాయంత్రం వచ్చేసరికి లేత చర్మమంతా ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. మంటకి కళ్ళల్లో నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అమ్మ మజ్జిగ తెచ్చింది.

"మళ్ళా మొదట్నించీ పడాలి గదే ఈ బాధంతా," అంది అమ్మ.

"పడతాలే. ఊరికే కూర్చునే బాధ కంటే ఇది నయం," అంది అక్క.

ఆ తర్వాత దాచేపల్లి నుంచి ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి అక్క ఎవరూ అడక్కముందే పళ్ళెం కింద పెట్టి, రెండు చేతులూ చాపింది. "ముందే చూసుకోండి పెద్దమ్మా. వెనకాల మాటలొద్దు," అంది. అమ్మ మొహం పాలిపోయింది. పెళ్ళికొడుకు తల్లి చేతుల్ని ముట్టుకోకుండానే చెప్పింది. "మావాడు సున్నపురాయి లారీ తోలుతాడమ్మా. వాడి చేతులు చూసి నువ్వే వద్దంటావేమోనని నా భయం." ఆ పెళ్ళి జరిగింది. అక్క ఇప్పటికీ దాచేపల్లిలోనే ఉంది, సుఖంగానే ఉంది. అయినా ఆ కొబ్బరినూనె నెలలు ఉత్తపుణ్యానికి ఎందుకు పోయాయని నాకు అనిపిస్తూనే ఉంటుంది. అక్క చేసిన తప్పేమీ లేదు. తప్పు చేసినదానిలా ఇంట్లో కూర్చుంది.

నన్ను చదువుకని గుంటూరు పంపారు. నల్లపాడు దాటాక ఆడపిల్లల మదర్సా ఒకటి ఉండేది. తిండీ వసతీ ఉచితం. నాన్న అది చూసే పంపాడు. నేనూ అందుకే వెళ్ళాను. అక్కడ పాఠం ఉర్దూలో చెప్పేవాళ్ళు. నాకు ఉర్దూ రాదు. తోటి పిల్లలు నా తెలుగు యాసని అనుకరించి నవ్వుకునేవాళ్ళు. అరబ్బీ మాత్రం అందరికీ కొత్తే కాబట్టి అందులో నేనెవరికీ తీసిపోలేదు. మూడక్షరాల వేరు ఒకటి తీసుకుని దాని నుంచి మాటలు ఒక్కొక్కటే మొలుస్తుంటే, రాత్రి పడుకున్నాక కూడా నాకు అవే తిరిగేవి. ఆ సంబరం ఇప్పటికీ పోలేదు.

పై తరగతులకు మౌలానా గారు పాఠం చెప్పేవారు. గౌరవంగా ఆయన్ని 'హజ్రత్' అని పిలిచేవాళ్ళం. మగ గురువు కాబట్టి మధ్యలో తెర కట్టేవాళ్ళు. తెర అవతల ఆయన, ఇవతల మేము. మేము ఆయన్నీ, ఆయన మమ్మల్నీ గొంతుతోనే గుర్తుపట్టేవాళ్ళం. గొప్ప చదువరి. ఒక మాట అర్థం అడిగితే దాని తాతముత్తాతల దాకా చెప్పేవారు. ఆయన దగ్గర చదవడం అదృష్టమనే నేను అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

ప్రవక్త గారి రూపవర్ణన పాఠం వచ్చింది. 'షస్న్' అన్న మాట దగ్గర ఆయన ఆగి అర్థం చెప్పారు. మగవాళ్ళలో మెప్పు, ఆడవాళ్ళలో దోషం అన్నారు. పక్కనున్న పిల్లలు తలలు వంచి రాసుకున్నారు. నా కళ్ళ ముందు ఆ బట్టల కొట్టావిడ బొటనవేలు కదిలింది.

"హజ్రత్, ఆడవాళ్ళలో దోషం ఎందుకు?" అని అడిగాను.

తెర అవతల్నించి ఆయన గొంతు వచ్చింది. "స్త్రీకి మెత్తదనం అందం కదమ్మా. అందుకని."

"పనిచేసే స్త్రీకి మెత్తదనం ఎక్కణ్ణుంచి వస్తుంది హజ్రత్?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కోప్పడలేదు. "ప్రశ్న బాగుంది. పాఠం అయ్యాక మాట్లాడదాం," అన్నారు. పాఠం అయ్యాక ఆయన లేచి వెళ్ళిపోయారు. మర్నాడు వేరే పాఠం. మళ్ళీ ఆ ఊసే రాలేదు. ఆ తెర అవతల కూర్చుని ఆయన ఆడవాళ్ళ చేతుల గురించి చెప్పారు. ఇవతల ఉన్న చేతుల్లో ఒక్కటీ ఆయన చూసి ఉండరు.

నేను మదర్సా గ్రంథాలయంలో ఉన్న పెద్ద నిఘంటువు తీశాను. కోపంతోనే తీశాను. చదివేకొద్దీ కోపం పెరిగింది, ఎందుకంటే అందులో మాటలు అంత బాగున్నాయి. పనిచేసి చేతి చర్మం మందమైతే 'కనబ్'. రాపిడికి తోలు గట్టిపడితే 'సఫన్', ఒంటె కూర్చున్నప్పుడు నేలకానే మోకాళ్ళ మీది కాయలకు వాడే మాట కూడా ఆ కుటుంబంలోదే. పనికి అరచేయి బొబ్బలెక్కి, నీరు పట్టి, ఆ తర్వాత గట్టిపడితే 'మజల్'. చలికి చెయ్యి పైభాగం బిరుసెక్కి పగిలితే 'షరస్'. పాదాల పగుళ్ళకు వేరే మాట, ఆ పగుళ్ళలో మట్టి చేరితే ఇంకో మాట.

పనిచేసే చేతుల్ని ఎవరో ఎంతో దగ్గరగా చూస్తే తప్ప ఇన్ని మాటలు పుట్టవు. బొబ్బకీ కాయకీ మధ్య తేడా, చలి పగులుకీ పని పగులుకీ మధ్య తేడా, అవి పడ్డవాళ్ళకే తెలుస్తాయి. ఆ ఎడారిలో నీళ్ళు తోడింది ఆడవాళ్ళు, తిరగలి తిప్పింది ఆడవాళ్ళు, ఉన్ని వడికింది ఆడవాళ్ళు. వాళ్ళ చేతుల మీదినుంచే కదా ఈ మాటల్లో సగమైనా ఏరుకుని ఉంటారు. ఏరుకుని, పక్కన 'దోషం' అని రాయడానికి చెయ్యెలా వచ్చింది? వాళ్ళు విసిరిన పిండితో చేసిన రొట్టె తింటూనే రాసి ఉంటారు కదా.

'మజల్' దగ్గర నాకు ఇంకొకటి దొరికింది. ప్రవక్త గారి కుమార్తె ఇంట్లో తిరగలి తానే తిప్పేదని, చేతులు బొబ్బలెక్కాయని, పనికి తోడుగా ఒక మనిషిని ఇప్పించమని తండ్రి దగ్గరికి వెళ్ళిందని మేమంతా చిన్నప్పుడే విన్నాం. ఆ చేతుల గురించి చెప్పేటప్పుడు వాడిన మాట అదే, 'మజల్'. అక్కడ ఎవరూ దోషం అని రాయలేదు. రాసే ధైర్యం ఎవరికుంటుంది? అంత గొప్పింటి బిడ్డ చేతులైతే బొబ్బ కూడా గౌరవమే. ఊరూపేరూ లేని కూలిమనిషి చేతులైతే కాయ కూడా కళంకమే.

నేను చదువు ముగించి గుంటూరులోనే ఒక ఆడపిల్లల బడిలో అరబ్బీ చెప్పడానికి చేరాను. పిల్లలు నన్ను 'ఆపా' అంటారు, అంటే అక్క అని. ప్రతి ఏడాదీ అదే పాఠం వస్తుంది. మొదట్లో ఆ వివరణ దగ్గర ఆగకుండా దాటేసేదాన్ని. పోయిన ఏడాది దాటలేకపోయాను.

ఆ ఏడాది తరగతిలో ఒంగోలు వైపు పల్లె నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉంది. తల్లి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తుంది. సెలవులొస్తే ఈ పిల్లా వెళ్ళి పక్కన కూర్చుంటుంది. తెలివైనది. గొంతు బాగుంటుందని పాఠం ఎప్పుడూ ఆ పిల్ల చేతే చదివించేదాన్ని. ఆ రోజు కూడా చదువుతోంది. 'మగవాళ్ళలో మెప్పు' అన్నదాకా గొంతు బాగానే ఉంది. 'ఆడవాళ్ళలో' దగ్గర ఆగింది. తర్వాతి మాట కళ్ళతో చదువుకుంది. పుస్తకం పట్టుకున్న చేతులు మెల్లగా కుర్తా చేతుల్లోకి లాక్కుంది. వేళ్ళ చివర్లు మాత్రమే బయటికి కనపడుతున్నాయి. పక్కనున్న పిల్ల ఆ పని చూసి నవ్వు ఆపుకోవడానికి నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, నవ్విన పిల్ల మీదా కాదు. ఎప్పుడో చచ్చిపోయిన మనిషి రాసిన ఒక్క వాక్యం ఇన్ని వందల ఏళ్ళు దాటొచ్చి నా తరగతిలో ఒక పిల్ల చేతులు దాచుకునేలా చేసిందే, దాని మీద.

"పూర్తిగా చదువమ్మా," అన్నాను.

చదివింది. గొంతు వినపడీ వినపడనట్టుంది.

"ఇది దేవుడి మాటా?" అని తరగతిని అడిగాను.

"కాదు ఆపా."

"ప్రవక్త గారి మాటా?"

"కాదు."

"మరి ఎవరిది?"

జవాబు నేనే ఇచ్చాను. "నిఘంటువు రాసిన మనిషిది. అతనికి అరబ్బీ మనందరి కంటే బాగా వచ్చు. మాట అర్థం వరకు అతను చెప్పింది వినండి. చేతులు ఎవరివి మంచివో ఎవరివి కావో అతను చెబితే వినక్కర్లేదు," అన్నాను. తర్వాత 'మజల్' సంగతి చెప్పాను. తిరగలి సంగతి చెప్పాను. ఆ పిల్ల చేతులు బయటికి తీసిందా లేదా అని నేను చూడలేదు. అలా చూస్తే మళ్ళీ దాచుకుంటుందని తెలుసు.

ఆ ఏడాది పరీక్షలు నాలుగైదు బళ్ళకు కలిపి పెట్టారు. ప్రశ్నపత్రంలో ఆ మాట వచ్చింది. అర్థం రాయండి, ఈ లక్షణం ఎవరిలో మెప్పు, ఎవరిలో దోషం, కారణం రాయండి అని. దిద్దిన పేపర్లు బడికొచ్చాక చూస్తే ఆ పిల్ల జవాబు మీద ఎర్ర గీత ఉంది. అర్థం సరిగ్గానే రాసింది. కింద అరబ్బీలో తప్పులేకుండా ఇలా రాసింది: ఇద్దరిలోనూ మెప్పే, ఎందుకంటే పట్టు గట్టిగా ఉంటుంది, పని ఇద్దరూ చేస్తారు. దానికి సున్నా వేశారు. తరగతిలో మొదట రావాల్సిన పిల్ల ఆ సున్నాతో వెనక్కి పోయింది.

ఆ పిల్లని పిలిచి చూపించాను. ఒకసారి చూసి, "పోతే పోయిందిలే ఆపా," అంది.

"ఎందుకు పోవాలి?" అన్నాను. నా గొంతు పెరిగింది. ఆ పిల్ల భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంత చిన్న వయసులోనే పోతే పోయిందిలే అనడం ఎలా వచ్చేసిందో చూడండి. మా అక్కకైతే ఆ మాట నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

పెద్ద టీచరమ్మ దగ్గరికి పేపరు తీసుకెళ్ళాను. ఆవిడ మంచి మనిషే. చదివి పక్కన పెట్టింది.

"మీరు నేర్పబట్టే కదమ్మా ఆ పిల్ల అలా రాసింది."

"అవును. నేనే నేర్పాను. తప్పేం నేర్పాను?"

"తప్పని నేననట్లేదు. పుస్తకంలో లేనిది రాస్తే మార్కెలా వేస్తారు? పెద్దవాళ్ళతో మనకెందుకు గొడవ? ఆ ప్రశ్న ఇచ్చిందీ, దిద్దిందీ ఎవరనుకున్నారు, మీ గురువుగారే."

నాకు అది తెలియదు. తెలిశాక ఆగలేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం మౌలానా గారి ఇంటికి వెళ్ళాను. పాత గుంటూరులో సందులో చిన్న డాబా ఇల్లు. ఆయన ముసలివారైపోయారు. మోకాళ్ళ నొప్పులతో మంచం మీదే ఉంటున్నారు. మధ్యలో తెరేం లేదు. ఆయన మొహం దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. నా గొంతు విని, "నువ్వు ప్రశ్నలడిగే పిల్లవి కదూ," అన్నారు. ఆయన భార్య లోపలి గుమ్మం దగ్గర చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది.

పేపరు ఆయన చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని చదివారు.

"వ్యాకరణం బాగుంది. ఒక్క తప్పు లేదు," అన్నారు.

"సున్నా వేశారు హజ్రత్."

"పుస్తకంలో ఉన్నదానికి విరుద్ధంగా ఉంది కదమ్మా. నిఘంటువు తీర్పు చెప్పదు. అప్పటి జనం ఏమనుకునేవాళ్ళో రాసిపెడుతుంది. అంతే."

"అలాగైతే 'అప్పటి జనం ఏమనుకునేవాళ్ళు' అని అడగండి. మీరు 'ఎవరిలో దోషం' అని అడిగారు. ఆడవాళ్ళలో దోషం అని రాసినదానికి మార్కు వేశారు. కాదన్నదానికి సున్నా వేశారు. తీర్పు నిఘంటువు చెప్పకపోతే మీరు చెప్పినట్టే కదండీ."

ఆయన పేపరు మంచం మీద పెట్టారు. నేను ఆగలేదు. ప్రవక్త గారి కుమార్తె తిరగలి సంగతి ఎత్తాను. అక్కడ వాడిన మాట గుర్తుచేశాను.

"అది నాకు తెలుసమ్మా. అది వేరే అధ్యాయం," అన్నారు.

"అధ్యాయం వేరు కావచ్చు. అక్కడా ఆడమనిషి చేతులే కదా హజ్రత్."

గుమ్మం దగ్గర చేట చప్పుడు ఆగింది. "ఏమంటోంది ఆ పిల్ల?" అని ఆయన భార్య అడిగింది. ఆవిడకి సరిగ్గా వినపడదు. నేను గట్టిగా తెలుగులో చెప్పాను, ఆడవాళ్ళ చేతులు మొరటుగా ఉంటే దోషమని పుస్తకంలో రాసుందమ్మా, అందుకని వచ్చాను అని. ఆవిడ ఆయన వంక చూసింది. "ఈయనకేం తెలుసు? నా చెయ్యి ఎప్పుడైనా పట్టుకుని చూస్తే కదా," అని మళ్ళీ బియ్యంలో పడిపోయింది. మౌలానా గారు తల తిప్పుకున్నారు.

చివరికి అన్నారు, "వేసిన మార్కు మార్చలేను. నలుగురం కలిసి సంతకాలు పెట్టాం. వచ్చే ఏడాది నుంచి ఆ ప్రశ్న ఉండదు. అది మాత్రం చేయగలను."

నేను సంతోషిస్తానని ఆయన అనుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ప్రశ్న తీసేస్తే ఆ వాక్యం పోదు హజ్రత్. పుస్తకంలో అలాగే ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడకుండా పోతుంది, అంతే. ఆ రోజు పాఠం అయ్యాక మాట్లాడదామన్నారు. ఇవాళ్టికీ మాట్లాడలేదు," అన్నాను.

"మాట్లాడాల్సిందే," అన్నారాయన, మెల్లగా. టీ తాగి వెళ్ళమన్నారు. తాగాను. గురువు ఇంట్లో టీ వద్దనలేదు గానీ, ఆ టీ రుచి నాకేమీ తెలియలేదు. ఆ పిల్ల మార్కు మారలేదు. పై తరగతికి వెళ్ళింది. ఇప్పుడు మా బడిలోనే అందరి కంటే బాగా అరబ్బీ రాస్తుంది. ఆ సున్నా మాత్రం దాని కాగితంలో అలాగే ఉంది.

ఈ ఏడాది పరీక్షకి చదవాల్సిన పాఠాలేవో బడికి తెలియజేశారు. మౌలానా గారు మాట నిలబెట్టుకున్నారు. రూపవర్ణనలో ఆ మాట దాకా చదివితే చాలట. కింద ఉన్న వివరణ పరీక్షలో రాదట. పిల్లలకి ఆ సంగతి నా కంటే ముందే తెలిసిపోయింది. పాఠం ఆ వాక్యం దగ్గరికి రాగానే ముందు బెంచీలో ఇద్దరు ముగ్గురు పుస్తకాలు మూశారు.

"ఇది రాదంట కదా ఆపా, వదిలేద్దామా?" అని ఒకమ్మాయి అడిగింది.

"తెరవండి," అన్నాను. "ఈ రోజంతా ఇదే."